టిక్కు లెక్క తెరకు అప్పగించొద్దు

పరీక్షలు దగ్గరపడ్డాక కాలేజీ ఆఫీసు మీద ఒక పని తప్పనిసరిగా పడుతుంది. వందల మంది విద్యార్థుల జాబితాలోంచి కొందరిని ఏరి, వాళ్ల హాల్ టికెట్లు మాత్రమే ప్రింట్ తీయాలి. ఫీజు బాకీ ఉన్నవాళ్లవి ఆపాలి. హాజరు తక్కువైనవాళ్లవి ప్రిన్సిపాల్ సంతకం అయ్యేదాకా పక్కన పెట్టాలి. మధ్యలో ఎవరో వచ్చి చలానా చూపిస్తే వాళ్ల పేరు మళ్లీ కలపాలి. ఎక్సెల్ షీటులో గడులకు పసుపు రంగు పూసుకుంటూ ఈ పని లాగించేవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం పైథాన్ నేర్చుకుని, పేర్ల పక్కన టిక్ పెట్టుకోవడానికి చిన్న విండో ఒకటి సొంతంగా తయారుచేసుకుంటారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. హాల్ టికెట్లు ఒక ఉదాహరణే. పెన్షన్ల జాబితా అయినా, గోదాములో సరుకు జాబితా అయినా, ఫోల్డర్లో ఫైళ్లయినా సంగతి మారదు.

ప్రోగ్రామ్ రాసే రోజున జాబితా చేతిలో ఉండకపోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. సెట్టింగుల పేజీలో నాలుగు చెక్‌బాక్సులు పెట్టడం తేలిక. వాటి పేర్లూ స్థానాలూ ముందే తెలుసు కాబట్టి ఒక్కోదాన్నీ చేత్తో రాసేయొచ్చు. విద్యార్థులు ఈ సెమిస్టరులో 180 మంది ఉండొచ్చు, వచ్చే సెమిస్టరులో 240 మంది. ఫైలు తెరిచాకే ఎందరో తెలుస్తుంది. అప్పుడు లూప్ తిప్పి ఒక్కో పేరుకూ ఒక్కో చెక్‌బాక్సు పుట్టించాలి. పైగా విండో తెరిచి ఉండగానే అకౌంట్స్ సెక్షన్ వాళ్లు కొత్త ఫైలు పంపొచ్చు, మనమే బ్రాంచి మార్చి చూడొచ్చు, పేరు టైప్ చేసి వెతకొచ్చు. చెక్‌బాక్సులు పుట్టించడం ఐదారు లైన్ల పని, ఏ పాఠంలోనైనా దొరుకుతుంది. పుట్టిన తర్వాత వాటిని ఎలా సాకాలన్నది మాత్రం చాలా పాఠాల్లో కనిపించదు. ప్రోగ్రాములు పాడయ్యేది అక్కడే.

నా వాదన ఒక్కటే. టిక్కు అంటే ఒక మనిషి ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని చెక్‌బాక్సులో దాచకూడదు, దానికి ప్రోగ్రాములో వేరే చోటు ఉండాలి. రేషన్ షాపు బయట బోర్డు మీద సుద్దముక్కతో రాసిన నిల్వకూ లోపల రిజిస్టరుకూ ఎంత తేడా ఉందో తెర మీది టిక్కుకూ అసలు లెక్కకూ అంత తేడా ఉంది. బోర్డు చెరిగితే రిజిస్టరు చూసి మళ్లీ రాసుకుంటాం. బోర్డు తప్ప ఇంకేమీ లేకపోతే చెరిగినరోజే లెక్క పోయినట్టు. విద్యార్థుల ఫైలు పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు. గంటసేపు చలానాలు చూసుకుంటూ పెట్టిన టిక్కులు పోతే మళ్లీ గంట కూర్చోవాల్సిందే. అందుకే ఈ ప్రోగ్రాములో అన్నిటికంటే విలువైన సరుకు టిక్కులే.

ఈ మాట గాలిలోంచి రాలేదని చూపడానికి పైథాన్‌తో పాటు వచ్చే టీకింటర్‌ను తీసుకుందాం. దాని పుట్టుక కాస్త తెలిస్తే లోపలి వ్యవహారం అర్థమవుతుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్, ఆయన విద్యార్థులు చిప్ డిజైన్‌కు పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవారు. ఒక్కోదానికీ ఒక్కో ఆదేశ భాష రాయాల్సి రావడంతో విసిగి, అన్నిటికీ పనికొచ్చేలా ఆయన 1988లో టికిల్ అనే స్క్రిప్టింగ్ భాష మొదలుపెట్టారు. దానికి తోడుగా బటన్లు, విండోలు గీసే టీకే 1991లో విడుదలైంది. ఈ జంటకే 1997లో ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది. స్టీన్ లుమ్‌హోల్ట్, గైడో వాన్ రోసమ్ కలిసి దీన్ని పైథాన్‌కు అందించిన వంతెనే టీకింటర్. అంటే మీ చిన్న ప్రోగ్రాములో రెండు భాషలు కాపురం ఉంటున్నాయి. మీరు రాసే జాబితా పైథాన్‌ది. తెర మీద గీసే చెక్‌బాక్సు, దాని టిక్కును పట్టుకుని ఉండే వేరియబుల్ టికిల్‌వి. మీకు కనిపించే బూలియన్‌వార్ అనేది ఆ అవతలి వేరియబుల్‌కు ఇవతలి నుంచి కట్టిన తాడు మాత్రమే.

ఆ తాడు తెగితే ఏమవుతుందో మొదటి సాక్ష్యం చెబుతుంది. ఫంక్షన్ లోపల లూప్ తిప్పుతూ ప్రతి విద్యార్థికీ ఒక బూలియన్‌వార్ చేసి చెక్‌బాక్సుకు తగిలించారు, దాన్ని ఏ లిస్టులోనూ దాచలేదు అనుకోండి. ఫంక్షన్ ముగియగానే ఆ వస్తువుతో తనకు పని లేదని పైథాన్ దాన్ని తీసిపారేస్తుంది. పోతూ పోతూ అది టికిల్ వైపున్న వేరియబుల్‌ను కూడా తుడిచేస్తుంది. టీకింటర్‌ను అలాగే రాశారు. టీకేలో తర్వాత చేరిన విడ్జెట్ల (తెర మీది గడులు, బటన్ల) గుంపైన టీటీకే రకం చెక్‌బాక్సు తన వేరియబుల్ కనబడక అవునూ కాదూ కాని మూడో స్థితిలోకి వెళ్లి, గడిలో టిక్కుకు బదులు చిన్న గీతో నిండు చతురస్రమో చూపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు థీమ్ పాడైందనుకుని రంగులు మారుస్తూ కూర్చుంటారు. పోయింది రంగు కాదు, లెక్క.

రెండో సాక్ష్యం ఇంకా విచిత్రమైనది. పాత రకం చెక్‌బాక్సుకు (టీకే దాన్ని చెక్‌బటన్ అంటుంది) వేరియబుల్ ఏదీ ఇవ్వకపోతే టీకే తనంతట తానే ఒకటి ఎంచుకుంటుంది. ఆ చెక్‌బటన్‌కు దాని ఫ్రేములో ఉన్న పేరే వేరియబుల్ పేరవుతుంది. పైథాన్ 3.6 నుంచి టీకింటర్ ఈ పేర్లను చదవడానికి వీలుగా, వరుస సంఖ్యలతో పెట్టడం మొదలెట్టింది. దాంతో రెండు వేర్వేరు ఫ్రేముల్లోని మొదటి చెక్‌బటన్లకు ఒకే పేరు వచ్చింది, పేరు ఒకటైతే వేరియబుల్ కూడా ఒకటే. సీఎస్ఈ బ్రాంచిలో మొదటి అబ్బాయికి టిక్ పెడితే ఈసీఈలో మొదటి అమ్మాయికీ పడుతుంది. తర్వాతి విడుదలల్లో దీన్ని సరిదిద్దారు. కానీ పాత పైథాన్ ఉన్న ఆఫీసు కంప్యూటర్లకు కొదవ లేదు.

మూడోది ప్రతి ఒక్కరికీ ఎదురయ్యేది. లూప్‌లో ప్రతి చెక్‌బాక్సుకూ లాంబ్డాతో ఒక పని అప్పగిస్తాం. తీరా నడిపితే ఎవరి పేరు నొక్కినా జాబితాలోని ఆఖరి విద్యార్థి మీదే ప్రభావం పడుతుంది. లాంబ్డా ఆ పేరును రాసిపెట్టుకోదు, నొక్కిన క్షణంలో వెతుక్కుంటుంది. అప్పటికి లూప్ ఆఖరి పేరు దగ్గర ఆగి ఉంటుంది. ఎంతమంది ఇందులో పడతారంటే, పైథాన్ అధికారిక ప్రశ్నోత్తరాల్లోనే దీనికి జవాబు పెట్టారు. ఆ విలువను లాంబ్డాకు డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే సరిపోతుంది, ఫంక్‌టూల్స్‌లోని పార్షియల్ వాడినా సరే. అసలు నేర్చుకోవాల్సింది ఈ మరమ్మతు కాదు. చెక్‌బాక్సు నొక్కగానే నడిచే ఫంక్షన్‌కు తాను ఎవరి తరఫున నడుస్తోందో ఖచ్చితంగా తెలియాలి, తెర మీద తన స్థానాన్ని బట్టి ఊహించుకోకూడదు.

ఆ ఎవరు అన్నది తేల్చడానికి చాలామంది పేరు వాడతారు. ఒకే తరగతిలో ఇద్దరు కె. లక్ష్మిలు ఉన్నరోజున ఒకరి ఫీజు బాకీకి ఇంకొకరి హాల్ టికెట్ ఆగిపోతుంది. వరుస సంఖ్య వాడితే ఇంకా ప్రమాదం: జాబితా మధ్యలో ఒక పేరు చేరగానే కిందివాళ్ల టిక్కులన్నీ ఒక మెట్టు జారిపోతాయి. ఎవరూ గమనించరు కూడా, ఎందుకంటే మొత్తం టిక్కుల సంఖ్య సరిగ్గానే ఉంటుంది. వాడాల్సింది హాల్ టికెట్ నంబరు. దాన్నీ సంఖ్యగా కాక అక్షరాలుగానే చదవాలి; ముందున్న సున్నాలను ఎక్సెల్ మింగేస్తుందని ఆఫీసుల్లో అందరికీ తెలుసు. ఈ ఎక్సెల్ చాదస్తం ఎంత దూరం పోయిందంటే, మార్చి నెల పేరును పోలిన మానవ జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తోందని 2020లో నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లే మార్చింది. మన హాల్ టికెట్ నంబర్లను యూనివర్సిటీ మార్చదు కాబట్టి జాగ్రత్త మనదే. ఇంకో చిన్న సంగతి: ఎక్సెల్ యూటీఎఫ్-8 సీఎస్వీగా దాచిన ఫైలు మొదట్లో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని వదిలించే ఎన్‌కోడింగ్ పేరు ‘యూటీఎఫ్-8-సిగ్’. అది చెప్పకుండా తెరిస్తే మొదటి కాలమ్ పేరు చూడటానికి సరిగ్గా ఉండి కూడా ప్రోగ్రాముకు దొరకదు.

ఇప్పుడు నిర్మాణం దాదాపు తయారైంది. హాల్ టికెట్ నంబర్లతో పైథాన్ సెట్ ఒకటి పెట్టుకోవాలి. టిక్ పెడితే నంబరు అందులో చేరుతుంది, తీస్తే పోతుంది. తెరను గీసే ఫంక్షన్ ఆ సెట్‌ను చూసి గీస్తుంది, ఇంకెక్కడా చూడదు. ప్రింట్ బటన్ కూడా చెక్‌బాక్సులను అడగదు, సెట్‌ను అడుగుతుంది. ఇంతే. దీనివల్ల వెంటనే తేలే లాభం వెతుకులాటలో కనిపిస్తుంది. వెతికే పెట్టెలో నాలుగు అక్షరాలు కొడితే జాబితా 240 నుంచి 6కు తగ్గాలి. పాత చెక్‌బాక్సులన్నిటినీ తీసేసి ఆరు కొత్తవి గీస్తాం. టిక్కులు చెక్‌బాక్సుల్లోనే ఉంటే ఆ తీసివేతతో పాటు 240 మంది నిర్ణయాలూ పోతాయి. సెట్‌లో ఉంటే వెతుకులాట ముగించగానే అన్నీ యథాతథంగా తిరిగొస్తాయి.

అక్కడే కొత్త ప్రశ్న పుడుతుంది, దీన్ని దాటవేయకూడదు. కనబడనివాళ్ల టిక్కులు బతికే ఉన్నాయంటే, ఆరుగురిని చూస్తూ ప్రింట్ నొక్కితే ఎంతమందివి వస్తాయి? ‘అన్నీ ఎంచు’ నొక్కితే ఆరుగురికా, 240 మందికా? జీమెయిల్ ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు గమనించదగ్గది. పైనున్న గడి టిక్ చేస్తే ఆ పేజీలో కనిపించే ఉత్తరాలే ఎంపికవుతాయి. ఆ వెంటనే ఒక వాక్యం వచ్చి ఈ పేజీలో ఇన్ని ఎంచారు, వెతికినవాటికి సరిపోయేవన్నీ ఎంచాలా అని అడుగుతుంది. కంటికి కనిపించినదాని మీదే చెయ్యి పడుతుంది, అంతకు మించి కావాలంటే వేరే అనుమతి కావాలి. మన విండోకూ ఇదే మర్యాద. ‘అన్నీ ఎంచు’ కనిపించేవాళ్లకే వర్తించాలి, ప్రింట్ బటన్ పక్కన మాత్రం మొత్తం లెక్క ఎప్పుడూ కనబడాలి: 57 మందిని ఎంచారు, వారిలో 51 మంది ఇప్పుడు తెర మీద లేరు అని. ఈ ఒక్క వాక్యం రాయడానికి సెట్ ఉంటే ఒక తీసివేత చాలు. చెక్‌బాక్సులనే నమ్ముకున్న ప్రోగ్రామ్ ఈ వాక్యం రాయలేదు, తెర మీద లేనివాళ్ల సంగతి దానికి తెలియదు.

‘అన్నీ ఎంచు’ రాసేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. టీకింటర్లో చెక్‌బాక్సుకు తగిలించిన కమాండ్ మనిషి నొక్కినప్పుడే నడుస్తుంది. ప్రోగ్రామ్ తనంతట తాను వేరియబుల్ విలువ మారిస్తే నడవదు. అందువల్ల అందరికీ టిక్కులు పడతాయి గాని కింద ఉన్న లెక్క పాతదే చూపిస్తుంది. విలువ మారగానే కబురు పంపే ట్రేస్‌ను వేరియబుల్ మీద పెట్టి దీన్ని దాటేవాళ్లున్నారు, కానీ అప్పుడు 240 మార్పులకు 240 సార్లు లెక్క తిరిగి రాస్తుంది. సెట్‌ను ఒకేసారి మార్చి, తెరను ఒకేసారి గీస్తే ఆ గొడవే ఉండదు.

ఇక జాబితా మారే సంగతి. మధ్యాహ్నం కొత్త ఫైలు వచ్చింది, నలుగురు కొత్తవాళ్లు చేరారు, ఇద్దరు టీసీ తీసుకుని వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్ల నంబర్లు సెట్‌లో మిగిలిపోతే లెక్క ఎప్పటికీ రెండు ఎక్కువ చూపిస్తుంది. చడీచప్పుడు లేకుండా తీసేస్తే, పొరపాటున సగం ఫైలే వచ్చిన రోజున సగం నిర్ణయాలు మాయమవుతాయి. తీసేయండి, కానీ చెప్పి తీసేయండి: ఎంచినవారిలో ఇద్దరు కొత్త ఫైలులో లేరు అని. కొత్తగా చేరిన నలుగురికి టిక్ ఉండాలా వద్దా అన్నది కంప్యూటర్ ప్రశ్న కానే కాదు. ఏ తప్పు ఎక్కువ నష్టమో చూసుకోవాలి. ఫైళ్లు తుడిచే ప్రోగ్రామ్ అయితే కొత్తవాటికి టిక్ ఉండకూడదు. ఒకటి మిగిలిపోతే నష్టం లేదు, అదనంగా ఒకటి పోతే తిరిగి రాదు. హాల్ టికెట్లకు వచ్చేసరికి తిరగబడుతుంది. ఎవరూ అభ్యంతరం చెప్పని పిల్లవాడి హాల్ టికెట్ ప్రింట్ కాకపోతే అతను పరీక్ష హాలు బయట నిలబడాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఎంచినవాళ్ల సెట్ పెట్టుకోవడమే తప్పు. ఆపినవాళ్ల సెట్ పెట్టుకోవాలి. అందులో లేనివాళ్లందరికీ టిక్ ఉన్నట్టు గీయాలి. కొత్తవాళ్లు తమంతట తామే సరైన వైపు పడతారు. చెక్‌బాక్సుల్లో లెక్క దాచుకునేవాళ్లకు ఈ ఆలోచనే తట్టదు, ఎందుకంటే గడి ఉంటే టిక్ ఉందా లేదా అన్నదే వాళ్లకు కనిపించే ప్రశ్న.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది: ముప్పై పేర్లకు ఇంత హంగామానా? ఇందులో నిజం ఉంది. విండో తెరిచినప్పటి నుంచి మూసేదాకా జాబితా మారదు, వెతుకులాట లేదు, లెక్క దాచుకోనక్కర లేదు అంటే బూలియన్‌వార్లను ఒక డిక్షనరీలో పెట్టుకుంటే చాలు. నేనూ అదే చేయమంటాను. కానీ వాడుకలో పడిన ప్రోగ్రామ్ అక్కడ ఆగదు. పక్క సెక్షన్ వాళ్లు చూసి తమకూ కావాలంటారు, ఎవరో వెతికే పెట్టె పెట్టమంటారు. అప్పుడు మార్చడం కంటే మొదటే ఒక సెట్ పెట్టుకోవడం చౌక. దానికి అదనంగా పట్టేది నాలుగు లైన్లే.

రెండో అభ్యంతరం కాస్త లోతైనది. బూలియన్‌వార్ కూడా చెక్‌బాక్సు బయటే ఉంది కదా, మీరు చెప్పేది దాంతోనే నెరవేరుతోంది కదా అంటారు. సగం నెరవేరుతుంది. చెక్‌బాక్సును తీసేసినా బూలియన్‌వార్ బతుకుతుంది, నిజమే. కానీ విండో లేకుండా అది పుట్టదు. తెర లేని లినక్స్ సర్వర్ మీద, డిస్‌ప్లే లేదంటూ టీకే మొదట్లోనే మొరాయిస్తుంది. కాబట్టి ఎంపిక నియమాలను విడిగా పరీక్షించడం కుదరదు. దాన్ని ఫైలులో దాచలేం, విలువ తీసి దాచాలి. నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచి ఫైలు చదివే వేరే థ్రెడ్ దాన్ని ముట్టుకోకూడదు, టీకే వ్యవహారాలన్నీ ప్రధాన థ్రెడ్‌లోనే జరగాలి. మామూలు పైథాన్ సెట్‌కు ఈ కట్టుబాట్లేవీ లేవు. బూలియన్‌వార్‌ను వాడొద్దని నేననడం లేదు. గడికీ సెట్‌కూ మధ్య కబురు మోయడానికి వాడండి, ఖజానాగా వాడకండి.

మూడోది వేగం. ప్రతి మార్పుకూ మొత్తం తీసేసి మళ్లీ గీస్తే విండో మెరిసినట్టవుతుంది, స్క్రోల్ పైకి ఎగిరిపోతుంది, ట్యాబ్ కీతో వచ్చిన చోటు పోతుంది అంటారు. ఇది ఊహ కాదు, అనుభవమే. కొన్ని వందల పేర్ల దాకా స్క్రోల్ స్థానాన్ని ముందు గుర్తుపెట్టుకుని, గీశాక అక్కడికే జరిపితే వాడేవాళ్లకు తేడా తెలియదు. టైప్ చేసే ప్రతి అక్షరానికీ గీయకుండా, వేళ్లు ఆగాక 200 మిల్లీసెకన్లకు గీసేలా ఆఫ్టర్ అనే ఫంక్షన్‌తో వాయిదా వేస్తే ఇంకా నయం. వేలల్లోకి వెళ్తే మాత్రం చెక్‌బాక్సుల పద్ధతే వదిలేయాలి. టీకేలో ఫ్రేముకు స్క్రోల్ ఉండదు. కాన్వాస్ మీద ఫ్రేము అతికించి, దాని ఎత్తు మారినప్పుడల్లా స్క్రోల్ హద్దులు తిరిగి చెప్పాలి. మౌస్ చక్రం చెక్‌బాక్సు మీద తిప్పితే ఆ కబురు చెక్‌బాక్సుకే వెళ్తుంది గాని కాన్వాస్‌కు చేరదు. ఇవన్నీ సర్దుకున్నా లినక్స్‌లో వాడే ఎక్స్11 కొలతలు 16 బిట్లవి కాబట్టి 32,767 పిక్సెళ్ల దగ్గర గోడ వస్తుంది. వరుసకు 25 పిక్సెళ్లనుకుంటే 1,310 పేర్లు. ఆ పైన ట్రీవ్యూ వాడాలి. అది ఎన్ని వరుసలున్నా ఒకే విడ్జెట్, స్క్రోల్ దానికి పుట్టుకతో ఉంది. టిక్కు గడి దానికి లేదు, ప్రతి వరుస ముందూ ఖాళీ గడి బొమ్మో నిండు గడి బొమ్మో మనమే పెట్టి, క్లిక్‌కూ స్పేస్ బార్‌కూ స్పందన మనమే రాయాలి. వరుస గుర్తుగా హాల్ టికెట్ నంబరు ఇస్తే, ఒకే నంబరు రెండుసార్లు వచ్చిన ఫైలును ట్రీవ్యూ అక్కడికక్కడే తిప్పికొడుతుంది, అది అదనపు లాభం. గమనించారా, ఇంత పెద్ద మార్పు చేసినా సెట్‌ను ముట్టుకోనక్కర లేదు. తెరను గీసే ఫంక్షన్ ఒక్కటే మారుతుంది. టిక్కులు చెక్‌బాక్సుల్లో ఉన్న ప్రోగ్రాముకు ఇదే మార్పు కావాలంటే అంతా మొదటి నుంచి రాసుకోవాలి.

నాలుగో అభ్యంతరం ఈ కాలానిది. ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో రాసిస్తుంది, ఇవన్నీ నాకెందుకు? రాసిస్తుంది, నడుస్తుంది కూడా. మూడు పేర్లతో నడిపి చూస్తే పై తప్పుల్లో చాలావరకు బయటపడవు, అవి వెతుకులాట, కొత్త ఫైలు, ఒకే పేరున్న ఇద్దరు మనుషులు వచ్చినప్పుడే పడగ విప్పుతాయి. ఏమి అడగాలో తెలిసినవాడికే యంత్రం సరిగా పనికొస్తుంది. టిక్కుల లెక్క విడ్జెట్ల బయట, హాల్ టికెట్ నంబరు మీద ఉండాలి అని మీరు మొదటే చెబితే వచ్చే కోడు వేరు, ఊరికే చెక్‌బాక్సుల లిస్టు కావాలంటే వచ్చే కోడు వేరు. హాల్ టికెట్ ఆగిపోయిన కుర్రాడికి జవాబు చెప్పాల్సింది ఎలాగూ మీరే.

తెలుగులో పేర్లు చూపించాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. విండోస్ మీద టీకింటర్ తెలుగును బాగానే చూపిస్తుంది, నిర్మల యూఐ ఫాంటు విండోస్ 8 నుంచి అందులోనే ఉంటుంది. లినక్స్ మీద టీకే ఒత్తులను, గుణింతాలను కలిపి గీయలేక విడివిడిగా పడేస్తుంది, ‘లక్ష్మి’ ముక్కలవుతుంది. ఫాంటు మార్చినా బాగుపడదు. అక్కడ పనిచేయాలంటే క్యూట్ లాంటి వేరే పనిముట్టు వెతుక్కోవాలి, లేదా పేర్లు ఇంగ్లీషు లిపిలో చూపించాలి. ఇందులోనూ లెక్క తెరకు దూరంగా ఉంటే మేలు జరుగుతుంది: క్యూట్‌కు మారినా సెట్ అదే, నియమాలు అవే. రోజు చివర ఆ సెట్‌ను జేసన్ ఫైలులో దాచుకోండి. జేసన్‌కు సెట్ తెలియదు, లిస్టుగా మార్చి ఇవ్వాలి. నంబర్లతో పాటు పేర్లూ దాచుకుంటే, తెలుగు అక్షరాలు కోడులుగా మారకుండా ఆస్కీ నియమాన్ని ఆపేస్తే ఫైలు నోట్‌ప్యాడ్‌లో కూడా చదువుకునేలా ఉంటుంది.

మీ విండో తయారయ్యాక దాన్ని ఎవరికైనా ఇచ్చే ముందు ఒక పూట ఇలా ఆడించి చూడండి. ఒకే పేరున్న ఇద్దరిని ఫైలులో చేర్చి ఒకరికే టిక్ పెట్టండి. పదిమందిని ఎంచి, వెతికే పెట్టెలో ఆ పదిమందిలో లేని పేరు కొట్టి, చెరిపేసి, పదీ ఉన్నాయో లేదో చూడండి. వెతుకులాట నడుస్తుండగా ‘అన్నీ ఎంచు’ నొక్కి, కింద లెక్క చదవండి. చివరగా ఫైలు మధ్యలోంచి ఒక వరుస తీసేసి, ఇంకోటి చేర్చి, మళ్లీ చదివించి, ఎవరి టిక్కు ఎవరి దగ్గరుందో ఒక్కొక్క నంబరూ పోల్చుకోండి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా ఆ ఒక్క చోట అతుకు వేయకండి. టిక్కుల్లో ఏదో ఒకటి ఇంకా చెక్‌బాక్సులోనో, పేరు మీదో, వరుస సంఖ్య మీదో ఉండిపోయింది, దాన్ని వెతికి బయటికి తీయండి.